పాత ఇంగ్లిష్ పింగాణీ ప్లేటు చేతికొస్తే: ముందు మట్టి, తర్వాత బొమ్మ, బంగారం, ఆఖరున ముద్ర

పూలు, పండ్లు, పక్షులు చిత్రించి బంగారు అంచు దిద్దిన పాత ఇంగ్లిష్ ప్లేటును ఎవరి చేతికిచ్చినా వెంటనే బోర్లించి అడుగున ముద్ర వెతుకుతారు. ముద్ర దొరికితే ఫోన్ తీస్తారు. నకిలీలు చేసేవాళ్లు బతికేది ఈ అలవాటు మీదే. మట్టిని, చిత్రకారుడి చేతిని, వందేళ్ల అరుగుదలను నకలు చేయడం కష్టం. ముద్ర వేయడానికి మాత్రం ఒక కుంచె, రెండు నిమిషాలు చాలు. అంతెందుకు, 1760ల్లో వూస్టర్ కార్ఖానాయే తన అసలు సరుకు మీద జర్మనీలోని మైసెన్ వాళ్ల రెండు కత్తుల గుర్తును వేసుకుంది. అందుకే ఈ మార్గదర్శిలో ముద్ర చివర్లో వస్తుంది.

ఇది ముఖ్యంగా బ్రిటన్‌లో ఉంటూ చారిటీ షాపుల్లో, కార్ బూట్ సేల్స్‌లో, వేలంపాటల్లో ఇలాంటి ప్లేట్లు చూసి ఆగిపోయే మనవాళ్ల కోసం. హైదరాబాద్‌లో పాత ఇళ్ల అల్మారాల్లో తాతల నాటి టీ సెట్టు ఉన్నవాళ్లకూ పనికొస్తుంది. 1745 ప్రాంతం నుంచి మొదటి ప్రపంచ యుద్ధం దాకా వచ్చిన సరుకు గురించే ఎక్కువగా చెబుతున్నాను.

చేతిలోకి తీసుకునే ముందు

పది రెట్లు పెద్దగా చూపే చిన్న భూతద్దం (నగల షాపులో వాడేది), ఫోన్ టార్చ్, నోట్ల తనిఖీకి వాడే చిన్న అల్ట్రావయొలెట్ టార్చ్, ఒక మెత్తటి టవల్ ఉంటే చాలు. ఉంగరాలు, గాజులు తీసి పక్కన పెట్టండి. బంగారు పూతకు వాటి గీత ఒక్కటి పడినా పోదు. కప్పును పిడి పట్టుకుని ఎత్తొద్దు, టీపాట్‌ను మూత మీద బొడిపె పట్టుకుని ఎత్తొద్దు. పాత అతుకులు ఎక్కువగా ఉండేది అక్కడే. రెండు చేతులతో వస్తువు ఒంటిని పట్టుకోండి.

1. వెలుతురులో మట్టిని చూడండి

చైనా పింగాణీ గుట్టు కోసం యూరప్ అంతా తంటాలు పడుతున్న రోజుల్లో ఇంగ్లండ్‌లో ఒక్కో కార్ఖానా ఒక్కో మిశ్రమం పట్టుకుంది. లండన్‌లో 1745 ప్రాంతంలో మొదలైన చెల్సీ గాజు పొడి కలిసిన మెత్తటి పింగాణీ చేసింది. దాన్ని నడిపిన నికొలస్ స్ప్రిమాంట్ వెండిపని వాడు కాబట్టి తొలి చెల్సీ ఆకారాలు వెండి గిన్నెల్ని గుర్తుకు తెస్తాయి. లండన్‌లోనే బో కార్ఖానా ఎముకల బూడిద కలిపింది. 1751లో డాక్టర్ జాన్ వాల్, మరికొందరు కలిసి పెట్టిన వూస్టర్ సబ్బురాయి వాడింది. ఆ మట్టి మరుగుతున్న నీళ్లు పోసినా పగలదు. టీ తాగే దేశంలో అంతకన్నా ఏం కావాలి? పోటీదారుల టీపాట్లు బీటలు వారుతుంటే వూస్టర్ నిలబడింది అందుకే. విలియం కుక్‌వర్తీ 1768లో పేటెంట్ తీసుకుని ప్లిమత్‌లో చైనా తరహా గట్టి పింగాణీ చేశాడు. చివరికి 1800 దరిదాపుల్లో స్టోక్‌లో స్పోడ్ కుటుంబం కుదిర్చిన మిశ్రమం దేశమంతా పాకింది. సుమారు సగం ఎముకల బూడిద, మిగతా సగంలో తెల్ల బంకమట్టి, కార్న్‌వాల్ రాయి. మనం బోన్ చైనా అనేది దీన్నే.

ఇప్పుడు గదిలో లైటు తగ్గించి, ప్లేటు వెనక టార్చ్ పెట్టండి. బోన్ చైనా అయితే వెలుతురు తెల్లగా, కాస్త మీగడ రంగులో వస్తుంది, వెనక వేళ్ల నీడ స్పష్టంగా తెలుస్తుంది. 18వ శతాబ్దపు వూస్టర్‌లో వెలుతురు లేత ఆకుపచ్చగా ఉంటుంది. 1750ల చెల్సీలో అక్కడక్కడా గుండ్రటి వెలుగు మచ్చలు కనిపిస్తాయి. మట్టిలో చిక్కుకున్న గాలి బుడగలవి, సేకరించేవాళ్లు వాటిని చందమామలంటారు. వెలుతురు అసలు దాటకపోతే చాలావరకు అది పింగాణీ కాదు. మేసన్స్ 1813లో పేటెంట్ చేసిన ఐరన్‌స్టోన్ లాంటి గట్టి మట్టి సామాను కావచ్చు. అదీ అందమైనదే, ధర లెక్క వేరు.

ఈ ఒక్క పరీక్షతోనే చాలా నకిలీలు దొరికిపోతాయి. పారిస్‌లో 1845లో మొదలైన శాంసన్ సంస్థ చెల్సీ, వూస్టర్, డర్బీ (మరో పాత ఇంగ్లిష్ కార్ఖానా) సామాన్లకు నకళ్లు చేసింది. పనితనం గొప్పదే కానీ మట్టి గట్టి పింగాణీ: చల్లటి తెలుపు, గాజులా మెరిసే ఉపరితలం. బంగారు లంగరు గుర్తు (చెల్సీ ముద్ర) ఉన్న ‘చెల్సీ’ ప్లేటు అలా కనిపిస్తే ముద్ర గురించి ఇక ఆలోచించక్కర్లేదు.

శాకాహారుల ఇళ్లలో ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఎముకల బూడిద అంటే ఎక్కువగా పశువులదే. ఇంట్లో పెద్దవాళ్లకు అభ్యంతరం ఉంటే 18వ శతాబ్దపు సబ్బురాయి వూస్టర్, ప్లిమత్, బ్రిస్టల్ సరుకు వైపు చూడండి. 19వ శతాబ్దపు ఇంగ్లిష్ పింగాణీ మాత్రం దాదాపు అంతా బోన్ చైనాయే.

2. బోర్లించండి, కానీ ముద్ర చదవొద్దు

అడుగున చూడాల్సింది పాదం అంచు, అంటే ప్లేటు నిలబడే గుండ్రటి గట్టు. పాత వూస్టర్‌లో పాదం లోపలి వైపు గ్లేజు (పైనున్న గాజు పూత) వెనక్కి తగ్గి, సన్నటి గీతలా మట్టి బయటపడి ఉంటుంది. డర్బీలో 1756 తర్వాతి వస్తువులకు అడుగున మూడు నాలుగు మసక మచ్చలుంటాయి. బట్టీలో మట్టి ముద్దల మీద నిలబెట్టిన గుర్తులవి. వాడిన ప్లేటుకు పాదం అంచు మీద అన్ని దిక్కులా చిన్న చిన్న గీతలు, వాటిలో మురికి ఉంటాయి. ఒకే దిక్కుగా, తాజాగా ఉన్న గీతలు గరుకు కాగితం పని.

3. బొమ్మ దగ్గర ఆగండి

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. మొదటి ప్రశ్న: ఇది చేతితో వేసిందా, అచ్చా?

భూతద్దం కంటికి ఆనించి, ప్లేటును దాని దగ్గరికి తీసుకురండి. వరుసగా, ఒకే కొలతలో చుక్కలు కనిపిస్తే అది లితో అచ్చు (యంత్రంతో అచ్చేసిన రంగు బొమ్మ), చాలావరకు 20వ శతాబ్దం. సన్నటి గీతలతో, ఒకే మందంతో బొమ్మ చుట్టుగీత ఉండి, రంగు ఆ గీత దాటి అక్కడక్కడా పొంగితే అచ్చు చుట్టుగీతలో చేతితో రంగు నింపారన్నమాట. అడుగున ‘హ్యాండ్ పెయింటెడ్’ అని రాసి ఉన్నా ఈ రకం చాలాసార్లు తగులుతుంది. రాసింది అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు. నిజంగా చేతితో వేసిన బొమ్మలో కుంచె మొదలైన చోట రంగు పలుచగా, ఆగిన చోట చిక్కగా ఉంటుంది. సెట్టులో రెండు ప్లేట్లు పక్కపక్కన పెడితే ఒక పువ్వూ ఇంకో పువ్వులా ఉండదు.

చేతికి తెలిసే పాఠం కావాలంటే డర్బీ ఇమారీ ప్లేటు ఒకటి పట్టుకోండి. జపాన్ సరుకును చూసి అల్లుకున్న ఈ నమూనా ఇప్పటికీ డర్బీకి పేరు. 1128 నంబరు ‘ఓల్డ్ ఇమారీ’ ఎక్కువగా కనిపిస్తుంది. అందులో ముదురు నీలం, ఇటుక ఎరుపు, బంగారం ఉంటాయి. కళ్లు మూసుకుని వేలి కొసతో నెమ్మదిగా తడమండి. నీలం తగలదు, గాజు మీద రాసినట్టు నున్నగా ఉంటుంది. ఎరుపు దగ్గరికి రాగానే చిన్న గట్టు తగులుతుంది, బంగారం దగ్గర ఇంకొంచెం. నీలం కోబాల్ట్, దాన్ని గ్లేజు కింద వేసి పెద్ద మంటలో కాలుస్తారు. ఎరుపు గ్లేజు మీద వేసిన ఎనామెల్ (గాజు పొడి కలిసిన రంగు), దాన్ని 700 నుంచి 850 డిగ్రీల మధ్య మళ్లీ కాలుస్తారు. బంగారానికి ఆఖరున ఇంకో బట్టీ. ఒక్కో కాల్పులో కొన్ని ప్లేట్లు పగిలిపోతాయి, మిగిలినవాటి ధర ఆ మేరకు పెరుగుతుంది. నీలం కూడా చేతికి గట్టుగా తగిలితే ఆ పని తర్వాతి కాలంలో ఎవరో చేసింది కావచ్చు.

గులాబీలు ఉంటే ఇంకొంచెం సేపు చూడండి. డర్బీలో 1774లో పనిలో చేరిన విలియం బిల్లింగ్స్‌లీ గులాబీకి ముందు నిండుగా రంగు పూసి, ఆ తడి ఆరకముందే పొడి కుంచెతో తుడిచి రేకుల మీద వెలుగు తెచ్చేవాడు. అంతకుముందు వాళ్లు తెల్ల భాగం వదిలేసి చుట్టూ రంగు వేసేవారు. అతను 1796లో డర్బీ వదిలి పిన్‌క్స్‌టన్‌కు, అక్కడి నుంచి తిరిగి తిరిగి వేల్స్‌లోని నాంట్‌గారూకు వెళ్లాడు. ఆ పద్ధతి మాత్రం దేశంలో సగం కార్ఖానాలకు అంటుకుంది. కాబట్టి తుడిచిన గులాబీ కనిపించగానే ‘బిల్లింగ్స్‌లీ’ అని చీటీ అంటించే వ్యాపారిని నమ్మకండి. అన్నట్టు, ఆ గులాబీ రంగులో ఉన్నదీ బంగారమే. అతి సూక్ష్మంగా విడగొట్టిన బంగారం ఎనామెల్‌లో గులాబీ రంగునిస్తుంది.

ఆకుల రంగు ఒక సాక్ష్యం. 18వ శతాబ్దంలో ఎనామెల్ ఆకుపచ్చ రాగి నుంచి వచ్చేది, కాస్త నీలంగా, పలుచగా ఉండేది. చిక్కటి, పసుపు ఛాయ ఉన్న, వెలుతురు దాటని ఆకుపచ్చ క్రోమియంది. క్రోమియంను కనిపెట్టిందే 1797లో. 1770 నాటిదని అమ్ముతున్న ప్లేటు మీద ఆ రంగు ఉంటే నవ్వి, దండం పెట్టి వచ్చేయండి.

మట్టి ఒకరిది, బొమ్మ ఇంకొకరిది కావడమూ మామూలే. లండన్‌లో జేమ్స్ గైల్స్ 1760, 70ల్లో వూస్టర్ నుంచి తెల్ల సామాను కొని తన దుకాణంలో చిత్రించి అమ్మేవాడు. దాన్ని ఎవరూ నకిలీ అనరు, పైగా ఎక్కువ పెట్టి కొంటారు. పాత తెల్ల ప్లేటు లేదా కొద్దిగా పూలున్న ప్లేటు సంపాదించి, తర్వాతి శతాబ్దంలో భారీగా రంగులు వేసి మళ్లీ కాల్చినది మాత్రం వేరే కథ. పాత గ్లేజు రెండోసారి మంట తగిలితే నల్లటి చుక్కలు తేలుతుంది. పాదం దగ్గర, బొమ్మ కింద అలాంటి చుక్కలు ఎక్కువగా ఉంటే అనుమానించండి.

చిత్రకారుడి సంతకం 19వ శతాబ్దం చివరి నుంచే సాధారణం. రాయల్ వూస్టర్‌లో (వూస్టర్ కార్ఖానా తర్వాతి పేరు) హైలాండ్ పశువులు గీసిన జాన్ స్టింటన్, హంసలు గీసిన చార్ల్స్ బాల్డ్‌విన్, ప్రకృతి దృశ్యాల హ్యారీ డేవిస్ పేర్లు వేలంపాటల్లో తరచుగా వినిపిస్తాయి. సంతకం ఎనామెల్‌తో వేసి కాల్చినదై ఉండాలి. గోటితో గీకితే లేచొచ్చేది సంతకం కాదు.

4. బంగారం ఎలా అరిగిందో చూడండి

బంగారం మన ఇళ్లలో అందరికీ తెలుసనే ధీమా ఉంటుంది కాబట్టి ఇక్కడే తప్పులు జరుగుతాయి. ప్లేటు మీది బంగారం నాలుగు రకాలు.

1780ల దాకా బంగారు రేకును తేనెలో నూరి పూసి, తక్కువ మంటలో కాల్చేవారు. అది మందంగా, మెత్తగా, కాస్త మసక మెరుపుతో ఉంటుంది. చెల్సీ బంగారంలో మొనతో గీసిన ఆకులు, పూలు భూతద్దంలో చూస్తే ఆ పని విలువ అర్థమవుతుంది. 1790 ప్రాంతం నుంచి పాదరసంతో కలిపిన బంగారం వచ్చింది. మంటలో పాదరసం ఎగిరిపోయి మొద్దుబారిన పొర మిగులుతుంది, దాన్ని అకీకు రాయితో రుద్ది మెరిపిస్తారు. ఆ పాదరసం పొగ పీల్చిన పనివాళ్ల ఆరోగ్యం గురించి ఈ ప్లేట్లను మెచ్చుకునే పుస్తకాలు పెద్దగా మాట్లాడవు. ఇది తేనె బంగారం కన్నా పలుచన, గట్టిదనం ఎక్కువ, రంగులో కొంచెం ఇత్తడి ఛాయ. 19వ శతాబ్దంలో ద్రవ బంగారం వచ్చింది. బట్టీలోంచే మెరుస్తూ వస్తుంది, రుద్దే పని లేదు. చవక, త్వరగా పోతుంది కూడా. నాలుగోది మింటన్ కార్ఖానా 1863లో వాడుకలోకి తెచ్చిన యాసిడ్ గోల్డ్: హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో గ్లేజులో నమూనా తినిపించి, మొత్తం బంగారం పూసి, పైకి ఉన్న భాగాలను మాత్రమే మెరిపిస్తారు. అంచు మీద మెరిసే తీగ, దాని వెనక మసక నేల కనిపిస్తే అదే.

రకం తేల్చాక అరుగుదల చదవండి. నిజంగా వాడిన కప్పుకు పెదవి తగిలే చోట, పిడి పైన బొటనవేలు ఆనే చోట బంగారం పలుచబడుతుంది. ప్లేటుకు అంచు బయటి వైపు, దొంతి పెట్టినప్పుడు పై ప్లేటు పాదం రాసుకునే వలయం దగ్గర పోతుంది. నడిమధ్య కత్తిగాట్లు బోలెడు ఉండి, అంచు బంగారం పెళ్లికూతురిలా కళకళలాడుతుంటే దానికి మళ్లీ పూత వేశారు. ఒక్కచోట బంగారం మిగతా అంచుకన్నా వెడల్పుగా, గట్టుగా ఉంటే కింద పెచ్చు ఊడిన చోటు దాచారేమో చూడండి. నా వరకైతే సగం అరిగిన అసలు బంగారం కొత్త పూత కన్నా ఎప్పుడూ మేలు. వేలంపాటల్లోనూ చాలామంది అలాగే అనుకుంటారు.

5. ఇప్పుడు ముద్ర, అంకెలు

ముద్రలో పేరు కన్నా దాని చుట్టూ ఉన్న చిన్న వివరాలే తేదీ చెబుతాయి.

‘ఇంగ్లండ్’ అని ఉంటే చాలావరకు 1891 తర్వాతిది. అమెరికా సుంకాల చట్టం వల్ల దిగుమతి సరుకు మీద దేశం పేరు తప్పనిసరైంది. ‘మేడ్ ఇన్ ఇంగ్లండ్’, ‘బోన్ చైనా’ అనే మాటలుంటే 20వ శతాబ్దం. వజ్రం ఆకారంలో ముద్ర ఉండి పైన రోమన్ అంకెల్లో నాలుగు (IV) ఉంటే 1842–1883 మధ్య ఆ నమూనాను రిజిస్టరు చేశారు. సంవత్సరం అక్షరం 1867 దాకా పైభాగంలో, 1868 నుంచి కుడివైపు ఉంటుంది. అది నమూనా నమోదైన తేదీ, ప్లేటు పుట్టిన తేదీ కాదు. 1884 నుంచి వజ్రం పోయి వరుస నంబర్లు వచ్చాయి.

రాయల్ వూస్టర్ లెక్క అన్నిటికన్నా సులువు. 1892 నుంచి ముద్ర పక్కన ఏటా ఒక చుక్క చేర్చుతూ పోయారు. చుక్కలు లెక్కపెట్టి 1891కి కలపండి. పన్నెండు చుక్కలుంటే 1903. ఇరవై నాలుగు చుక్కలతో 1915 దాకా సాగి, ఆ తర్వాత నక్షత్రం వచ్చింది. ముద్ర మధ్యలో ఉన్న 51ని చూసి 1851 అనుకునేవాళ్లున్నారు. అది కార్ఖానా పుట్టిన 1751. కోల్‌పోర్ట్ కార్ఖానా కిరీటం ముద్రలో ‘ఏడీ 1750’ చూసి ఎగిరి గంతేసేవాళ్లూ ఉన్నారు. ఆ ముద్ర 19వ శతాబ్దం చివర వచ్చింది. మింటన్ 1842 నుంచి మట్టిలోనే సంవత్సరానికో చిన్న గుర్తు నొక్కింది, టార్చ్‌ను పక్కవాటంగా పట్టుకుంటే కనిపిస్తుంది.

చెల్సీ లంగరు విషయంలో ఒక్కటే గుర్తుంచుకోండి: అసలుది చాలా చిన్నది, పాదం పక్కన ఎక్కడో దాక్కుని ఉంటుంది. అడుగు మధ్యలో దర్జాగా కనిపించే పెద్ద బంగారు లంగరు చెల్సీది కాదు.

ముద్రే లేకపోతే నిరాశపడొద్దు. 19వ శతాబ్దం తొలి భాగంలో చాలా మంచి టీ సెట్లకు ముద్ర ఉండదు, కుంచెతో రాసిన నమూనా నంబరు మాత్రమే ఉంటుంది. 2/ తో మొదలయ్యే భిన్నంలా రాస్తే కోల్‌పోర్ట్, రిడ్జ్‌వే లాంటి వాళ్ల వైపు వెతకాలి.

6. దెబ్బలు, మరమ్మతులు

ప్లేటును ఐదు వేళ్ల మీద నిలిపి గోటితో మెల్లగా తట్టండి. గంట మోగినట్టు ఉండాలి. డొల్ల శబ్దం వస్తే ఎక్కడో బీట ఉంది, టార్చ్ వెనక పెట్టి వెతకండి. తర్వాత చీకట్లో అల్ట్రావయొలెట్ టార్చ్ వేయండి. కొత్త రంగు, జిగురు చుట్టూ ఉన్న గ్లేజుకు భిన్నంగా వెలుగుతాయి. పాతకాలపు లోహపు కుట్లు కనిపిస్తే అవి విరిగిన ప్లేటును రంధ్రాలు వేసి కలిపినవి. ధర తగ్గుతుంది కానీ, దాచకుండా చేసిన పని కాబట్టి నాకు అవి నచ్చుతాయి.

7. కొనేటప్పుడు

మొదటిసారి కొంటుంటే పూర్తి సెట్టు జోలికి వెళ్లొద్దు. విడి డెజర్ట్ ప్లేటు ఒకటి కొనండి. విందు చివర పండ్లు, మిఠాయిలకు వాడిన సెట్ల మీదే కార్ఖానాలు మంచి చిత్రకారులతో పని చేయించాయి. 19వ శతాబ్దం తొలినాళ్ల టీ సెట్టులో టీ కప్పుకూ కాఫీ కప్పుకూ కలిపి ఒకటే సాసరు ఉండేది. సాసర్లు తక్కువున్నాయని సెట్టును తీసిపారేయకండి. వేలంపాటలో సుత్తి ధర (పాట ముగిసిన ధర) మీద కమిషన్, దాని మీద పన్ను ఉంటాయి, ముందే లెక్క వేసుకోండి. కండిషన్ రిపోర్టు (దెబ్బలు, మరమ్మతుల వివరాలు) అడిగి తీసుకోండి.

హైదరాబాద్ ఇంటి నుంచి సెట్టును విదేశానికి తీసుకెళ్దామనుకుంటే ఆగండి. వందేళ్లు దాటిన కళావస్తువులను వ్యక్తులు దేశం దాటించడాన్ని 1972 నాటి పురావస్తువుల చట్టం ఒప్పుకోదు. ఇంగ్లండ్ సరుకే కదా అని సూట్‌కేసులో సర్దకుండా పురావస్తు శాఖ అభిప్రాయం ముందే తీసుకోండి. కొనే ముందు కంటికి అలవాటు కావాలంటే లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం, వూస్టర్‌లో ఆ కార్ఖానా మ్యూజియం ఉన్నాయి. హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియంలోని యూరప్ పింగాణీ ముందు ఒక మధ్యాహ్నం గడపండి.

8. కడగడం, వాడటం, సర్దడం

ఇత్తడి సామాను తోమే చేతులకు చింతపండు, నిమ్మ చెక్క, పీతాంబరి పొడి ముందు గుర్తొస్తాయి. వాటిలో ఏదీ బంగారు అంచు దరిదాపుల్లోకి రావద్దు. డిష్‌వాషర్, పీచు, బ్లీచింగ్ కూడా వద్దు. ప్లాస్టిక్ టబ్బులో గోరువెచ్చటి నీళ్లు, ఒక చుక్క లిక్విడ్ సోపు, అడుగున టవల్. ఒక్కో వస్తువునే కడగండి, నానబెట్టొద్దు. బీట ఉన్నదాన్ని నీళ్లలో ముంచకుండా తడి గుడ్డతో తుడవండి. ధర స్టిక్కర్ బంగారం మీద ఉంటే లాగొద్దు, బంగారం కూడా దానితో వస్తుంది. గోరువెచ్చటి నీళ్లతో తడిపి వదిలించండి.

పాత ఎనామెల్ రంగుల్లో, చాలా గ్లేజుల్లో సీసం ఉంటుంది. కోల్‌పోర్ట్ 1820లో సీసం లేని గ్లేజుకు బహుమతి తెచ్చుకుంది కానీ రంగుల సంగతి అలాగే ఉంది. కాబట్టి పులిహోర, పచ్చళ్లు, చారు, పెరుగు వీటిలో వద్దు, పండుగనాడైనా సరే. పులుపు సీసాన్ని లాగుతుంది. గ్లేజు పగుళ్లలోకి పసుపు దిగితే మళ్లీ రాదు. ఎప్పుడైనా పొడి బిస్కెట్లు పెట్టుకోవచ్చు. మైక్రోవేవ్‌లో పెడితే బంగారం నిప్పురవ్వలు రాలుస్తుంది.

దొంతి పెట్టేటప్పుడు ప్లేటుకూ ప్లేటుకూ మధ్య మెత్తటి నూలు గుడ్డ పెట్టండి, నాలుగైదుకు మించి పేర్చొద్దు. కప్పును కప్పులో దూర్చొద్దు, పిడి పట్టి కొక్కానికి వేలాడదీయొద్దు. గోడకు తగిలించాలంటే స్ప్రింగు తీగ హ్యాంగర్లు అంచును నొక్కి బీట తెస్తాయి, బంగారాన్ని గీకుతాయి. ప్లాస్టిక్ తొడుగున్న, ప్లేటు కొలతకు సరిపోయే హ్యాంగరే తీసుకోండి.